చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఆన్‌లైన్‌లో అమ్మవలసింది ఏమిటి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. కాకినాడలో మీ నాన్నగారు 1997లో మొదలుపెట్టిన ట్రావెల్స్ ఆఫీసును రెండేళ్లుగా మీరు చూసుకుంటున్నారు. రైలు, బస్సు, విమాన టికెట్లు అమ్ముతారు, ఏడాదికి అయిదారు సార్లు కాశీ యాత్రలు వేస్తారు, ఇద్దరు పనివాళ్లున్నారు. కౌంటరుకు వచ్చేవాళ్లు ఏటికేడు తగ్గుతున్నారు. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ వెబ్‌సైటు, బుకింగ్ ఇంజిన్ (వెబ్‌సైటులోనే టికెట్లు బుక్ చేసే సాఫ్ట్‌వేరు), మొబైల్ యాప్ అన్నీ కలిపి 3,20,000 రూపాయలు, ఆపైన ఏటా నిర్వహణకు 60,000 రూపాయలు అడుగుతోంది. నాన్నగారికి ఇది ఇష్టం లేదు. ఒప్పందం మీద సంతకం పెట్టాలా వద్దా అన్నది మీ సందేహం.

రాజమహేంద్రవరంలో ఇరవై ఆరేళ్లుగా ఇదే వ్యాపారంలో ఉన్నాను. మొదటి ఆరేళ్లు వేరొకరి ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను, ఆ తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఆ ఒప్పందం మీద సంతకం పెట్టకండి. అయితే ఆన్‌లైన్‌లో అమ్మడం మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టండి. ఆ సంస్థ మీచేత టికెట్లు అమ్మించాలని చూస్తోంది, మీరు అమ్మవలసింది మీ యాత్రను. ఈ తేడా వివరించడానికే ఇంత పొడుగు సమాధానం రాస్తున్నాను.

ముందు టికెట్ల లెక్క చూద్దాం. ఐఆర్‌సీటీసీ అధీకృత ఏజెంటుకు నాన్ ఏసీ టికెట్టుకు 20 రూపాయలు, ఏసీ టికెట్టుకు 40 రూపాయలు మాత్రమే ప్రయాణికుడి నుంచి తీసుకునే అనుమతి ఉంది. అన్నీ ఏసీ టికెట్లే అనుకున్నా, ఏటా కట్టే 60,000 నిర్వహణ ఖర్చు రాబట్టడానికే 1,500 టికెట్లు అమ్మాలి. స్లీపరు టికెట్లయితే 3,000. అదీ మీ వెబ్‌సైటు ద్వారా కొత్తగా వచ్చిన టికెట్లు కావాలి, ఇప్పటికే కౌంటరులో అమ్ముతున్నవి లెక్కలోకి రావు. ఫోనులో ఐఆర్‌సీటీసీ యాప్ ఉన్న మనిషి ఆ టికెట్టు కోసం మీ యాప్ దించుకోవడానికి కారణం నాకైతే కనిపించడం లేదు. పైగా 2025 జులై నుంచి తత్కాల్ బుకింగ్ తెరిచిన మొదటి అరగంట, అంటే ఏసీకి పది నుంచి పదిన్నర, నాన్ ఏసీకి పదకొండు నుంచి పదకొండున్నర వరకు, ఏజెంట్లు బుక్ చేయడానికి వీల్లేదు. ఆ అరగంట దాటాక మిగిలేదెంతో మీకు తెలుసు.

ఈ సందర్భంలో మీ ప్రశ్నలో ఉన్న ఒక వాక్యం గురించి స్పష్టంగా చెప్పాలి. రద్దీ రోజుల్లో ఇంట్లోవాళ్ల వ్యక్తిగత ఐడీలతో కస్టమర్లకు టికెట్లు తీస్తున్నామని రాశారు. వెంటనే ఆపేయండి. అనుమతి లేకుండా రైలు టికెట్ల వ్యాపారం చేయడం రైల్వే చట్టం, 1989లోని 143వ సెక్షను కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, పదివేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీ అమ్మగారి ఐడీ మీద ఆ కేసు రాకూడదు.

మన ఆదాయం ఎందుకు పోయిందో ఒకసారి ఆలోచిస్తే దారి తెలుస్తుంది. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ బుకింగ్ మొదలైనప్పుడు టికెట్టు కాగితం కొరియరులో ఇంటికి వచ్చేది. మాకు భయం వేయలేదు, ఎందుకంటే కొరియరు వచ్చేలోపు మేమే తెచ్చి ఇచ్చేవాళ్లం. 2005లో ఈ-టికెట్టు (కొరియరు అక్కర్లేని ఎలక్ట్రానిక్ టికెట్టు) వచ్చాక ఆ ధీమా పోయింది. ఆ ఏడాది దీపావళికే బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామాకు ఇంటికి వెళ్లడానికి బస్సు టికెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఏ ఒక్క ఏజెంటు దగ్గరా పూర్తిగా లేదని ఆయన గమనించారు. 2006లో మిత్రులతో కలిసి రెడ్‌బస్ పెట్టారు. 2008లో హైదరాబాదులో అభిబస్ వచ్చింది. అదే ఏడాది చివర్లో విమానయాన సంస్థలు ఏజెంట్లకు ఇచ్చే కమీషను దాదాపుగా ఎత్తివేశాయి. సీటు ఎక్కడుందో మనకు మాత్రమే తెలుసు కాబట్టి మనకు డబ్బు వచ్చేది. ఆ సంగతి అందరి ఫోనులోకీ వచ్చేశాక ఆ డబ్బు తిరిగి రాదు. విమాన టికెట్లు అడిగినవారికి ఇప్పటిలాగే బీటూబీ పోర్టల్‌లో (ఏజెంట్ల కోసం ఉన్న టికెట్ల వెబ్‌సైటులో) వ్యాలెట్ నింపుకుని తీసి ఇవ్వండి, మీ సర్వీసు ఛార్జి బిల్లులో విడిగా చూపండి. దానికి బుకింగ్ ఇంజిన్ అక్కర్లేదు.

మరి ఇప్పటికీ మీకు మాత్రమే తెలిసినది ఏమిటి? మీ కాశీ యాత్ర. పెద్ద పోర్టల్ వాళ్లకు వారణాసిలో హోటలు గది అమ్మడం తెలుసు. అరవై ఎనిమిదేళ్ల పెద్దావిడను సామర్లకోటలో రైలెక్కించి, కాశీలో దింపి, మడి భోజనం పెట్టించి, గయలో పిండప్రదానం చేయించి, ప్రయాగలో సంగమ స్నానం చేయించి, పదో రోజున అల్లుడికి అప్పగించడం వాళ్లకు తెలియదు. ఆ పనిలో మీ నాన్నగారికి పాతికేళ్లకు పైబడిన అనుభవం ఉంది. కాశీలో కరివెన సత్రంలోనో ఆంధ్రాశ్రమంలోనో దొరకకపోతే ఇంకెక్కడ గదులు దొరుకుతాయో ఆయనకు తెలుసు. ఈ సరుకు ఊరు దాటి కనిపించడం లేదు, అంతే.

నాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను. 2014లో ఒక రిటైర్డు ఉపాధ్యాయురాలు కార్తీక మాసం కాశీ యాత్రకు పేరిచ్చారు. డబ్బు కట్టేది డల్లాస్‌లో ఉన్న కొడుకు. మన రాత్రి పదింటికి ఆయన ఫోన్ చేసి, "లింకు పంపండి, ఇప్పుడే కట్టేస్తాను" అన్నారు. నా దగ్గర లింకు లేదు. బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చాను. కొత్త ఖాతాకు అక్కడి నుంచి పంపడానికి సమయం పడుతుందని, తమ్ముడితో నగదు పంపిస్తానని ఆయన అన్నారు. తమ్ముడు నాలుగో రోజున వచ్చాడు. ఆలోగా ముందు వరస సీట్లు, కింది గదులు అయిపోయాయి. మోకాళ్ల నొప్పితో ఉన్న ఆవిడ కాశీలో రెండో అంతస్తు మెట్లు పది రోజుల ప్రయాణంలో నాలుగు రోజులు ఎక్కి దిగారు. ఒక్క మాట అనలేదు. తిరిగి వచ్చాక మాత్రం, "బాబూ, ముందే డబ్బు కట్టే వీలుంటే నాకు కింది గది వచ్చేది కదా" అన్నారు. ఆ వారమే నేను ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సేవ, అంటే పేమెంట్ గేట్‌వే కోసం దరఖాస్తు చేశాను.

కాబట్టి మీ వెబ్‌సైటు ఒక్క యాత్ర గురించి ఒక్క పేజీ అయినా చాలు, కానీ ఆ పేజీలో కౌంటరు దగ్గర అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు ఉండాలి. కాశీ క్షేత్ర మహత్యం గురించి నాలుగు పేరాలు రాయించకండి, అది రాబోయేవారికి మీకన్నా బాగా తెలుసు. గదికి ఎంతమంది, బాత్‌రూములో వెస్ట్రన్ కమోడ్ ఉందా, వేడినీళ్లు ఎప్పటివరకు వస్తాయి, లిఫ్టు ఉందా, వంటవాళ్లు మన వెంట వస్తారా లేక అక్కడి హోటలు భోజనమా, ఉల్లి వెల్లుల్లి లేని వంట విడిగా ఉంటుందా, ఘాటు దగ్గర ఎన్ని మెట్లు దిగాలి, పిండప్రదానం దక్షిణ ప్యాకేజీలో ఉందా లేదా, బీపీ మాత్రలు మరిచిపోతే ఏం చేస్తారు. నా పేజీ చూసి ఫోన్ చేసేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది కమోడ్ గురించే. ఒకసారి ఆ బాత్‌రూము ఫోటో తీసి పెట్టాను. గంగా హారతి ఫోటో చేయలేని పని అది చేసింది. ఫోటోలు మీవే కావాలి, నెట్‌లో దొరికిన ఫోటోలు వద్దు. మీ పాత యాత్రికులు తీసిన వాటిని, వాళ్ల అనుమతి అడిగి పెట్టండి.

తేదీలు కూడా స్పష్టంగా ఉండాలి. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. బుకింగ్ తెరిచిన రోజే బెర్తులు తీయాలంటే ప్రయాణానికి 65 రోజుల ముందే పేర్లు, వయసులు, అడ్వాన్సు మీ చేతిలో ఉండాలి. కౌంటరు వ్యాపారంలో జనం చివరి నెలలో వస్తారు, అప్పటికి లోయర్ బెర్తులుండవు. ఆన్‌లైన్‌లో అడ్వాన్సు తీసుకోగలిగితే ఈ ఒక్క చిక్కు తీరుతుంది. నాకు ఆన్‌లైన్ వల్ల కలిగిన అసలు లాభం కొత్త కస్టమర్లకంటే ముందు ఇదే. మీరు పేజీలో "ఈ తేదీలోగా అడ్వాన్సు కట్టిన అరవై దాటినవారికి లోయర్ బెర్తు కోసం మొదటి రోజే ప్రయత్నిస్తాం" అని రాయండి. తప్పక ఇస్తామని మాత్రం రాయకండి, అది మీ చేతిలో లేదు.

ఇక డబ్బు సంగతి. యూపీఐ 2016లో వచ్చింది, 2020 జనవరి 1 నుంచి దాని మీద వ్యాపారి చెల్లించే ఎండీఆర్ ఛార్జి లేదు. క్యూఆర్ కోడ్ మీ గోడ మీద ఇప్పటికే ఉండి ఉంటుంది. కానీ గోడ మీది క్యూఆర్ దూరాన ఉన్న మనిషికి పనికి రాదు. ఎవరు, ఏ యాత్రకు, ఎంత కట్టారో దానంతట అది రాసుకునే పేమెంట్ లింకు కావాలి. కరెంటు ఖాతా, పాన్, జీఎస్టీ నంబరు ఉంటే గేట్‌వే సంస్థలు నెలవారీ రుసుము లేకుండా ఇస్తాయి. కార్డులకు సుమారు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటారు. యాత్ర ధర 18,500 అనుకుంటే ఒక్కొక్కరికి దాదాపు 437 రూపాయలు పోతుంది. ఆ సొమ్మును ధరలో ముందే కలుపుకోండి. కట్టేటప్పుడు విడిగా అడిగితే కట్టబోయినవారు ఆగిపోతారు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న పిల్లల కోసం విదేశీ కార్డుల అనుమతి గేట్‌వే వాళ్లను విడిగా అడిగి తీసుకోవాలి, దానికి రుసుము ఎక్కువ. అయితే ఇప్పుడొక మంచి మార్గం ఉంది: 2023 జనవరిలో అమెరికా, యూఏఈ, సింగపూరు సహా పది దేశాల ఫోను నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల (విదేశాల్లో ఉండే మనవాళ్లకు ఇక్కడి బ్యాంకుల్లో ఉండే ఖాతాల) నుంచి యూపీఐ వాడుకోవడానికి అనుమతి ఇచ్చారు. డల్లాస్ కొడుకు ఈరోజు అయితే నిమిషంలో కట్టేవాడు. మీ పేజీలో ఈ మాట ఒక వాక్యంలో రాయండి, చాలామందికి తెలియదు.

డబ్బు మీ ఖాతాలోకి సాధారణంగా ఒకటి రెండు పనిదినాల తర్వాత వస్తుంది. బస్సు ఓనరుకు శనివారం అడ్వాన్సు ఇవ్వాలనుకుని శుక్రవారం వచ్చిన ఆన్‌లైన్ సొమ్మును నమ్ముకోకండి.

రద్దు షరతుల విషయంలో నేను బాగా నష్టపోయాను కాబట్టి దీన్ని కొంచెం వివరంగా రాస్తాను. 2019లో ఒక కుటుంబం నాలుగు సీట్లకు కార్డు మీద 38,400 కట్టింది. బయలుదేరడానికి రెండు రోజుల ముందు రానన్నారు. గదులకు, రైలుకు డబ్బు కట్టేశామని ఫోనులో చెప్పాను. వాళ్లు బ్యాంకుకు ఫిర్యాదు చేశారు. బ్యాంకు నన్ను అడిగింది ఒక్కటే: రద్దు షరతులను కస్టమరు చదివి ఒప్పుకున్నట్టు రుజువు ఉందా? లేదు. మౌఖికంగా చెప్పానన్నది రుజువు కాదు. మొత్తం సొమ్ము వెనక్కి వెళ్లింది. నేను ఆ కుటుంబాన్ని తప్పుపట్టడం లేదు, వాళ్లకు నిజంగానే ఏమీ రాసి ఇవ్వలేదు. ఆ తర్వాత నుంచి ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందో పట్టికగా తెలుగులో రాసి, దాని కింద "చదివాను, ఒప్పుకుంటున్నాను" అని టిక్కు పెట్టాకే డబ్బు కట్టే బటన్ వచ్చేలా చేయించాను. అదే పట్టిక రసీదుతో పాటు వాట్సాప్‌లో వెళుతుంది.

ఇది చట్టం దృష్ట్యా కూడా అవసరం. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు సేవలకు కూడా వర్తిస్తాయి. సంస్థ పేరు, చిరునామా, ఫోను, ఫిర్యాదులు చూసే అధికారి పేరు వెబ్‌సైటులో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మీ ఆఫీసులో ఆ అధికారి మీరే అవుతారు, పేరు రాసుకోండి. కస్టమరు పేరుతో మీరే మెచ్చుకోలు రాసుకోవడం కూడా ఆ నియమాలకు విరుద్ధం. ఎంత చిన్నదైనా ఆ పని చేయకండి.

జీఎస్టీ గురించి కూడా అడిగారు. అయిదారు యాత్రలు, ఒక్కోదానికి నలభై మంది అంటే మీ టర్నోవరు 20 లక్షల పరిమితి దాటే ఉంటుంది. టూర్ ఆపరేటరుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) లేకుండా 5 శాతం. పేజీలో ధర ఆ పన్నుతో కలిపే చూపండి. మిగతా వివరాలు మీ ఆడిటరు గారితో కూర్చుని చూసుకోవాలి.

కౌంటరూ, ఆన్‌లైనూ రెండూ నడిచేటప్పుడు వచ్చే పెద్ద ప్రమాదం ఒకే సీటును ఇద్దరికి అమ్మడం. దీనికి మూడు లక్షల సాఫ్ట్‌వేరు అవసరం లేదు. గూగుల్ షీట్ ఒకటి తెరిచి, సీటు నంబరు, పేరు, వయసు, గది, కట్టిన సొమ్ము, మిగిలిన సొమ్ము అని గళ్లు పెట్టుకుని, నాన్నగారు ఫోనులో పేరు తీసుకున్నా, పనివాళ్లు కౌంటరులో తీసుకున్నా, లింకు మీద డబ్బు వచ్చినా, అక్కడ రాసేవరకు సీటు ఇచ్చినట్టు కాదని అందరూ కట్టుబడితే చాలు. ఈ కట్టుబాటు కుదరడానికి మా ఆఫీసులో ఎనిమిది నెలలు పట్టింది. ఎవరి జేబులో వాళ్ల డైరీ ఉండేది. మీకూ అంతే పట్టవచ్చు, ఓపిక పట్టండి.

మన దేశంలోనే కాదు, మనలాంటి ఇతర దేశాల్లోనూ చిన్న ఏజెన్సీలు ఎక్కువగా ఆగిపోయేది ఫోటోలు, ఫోను నంబరు ఉన్న వెబ్‌సైటు దగ్గరే. డబ్బు తీసుకునే మెట్టు ఎక్కడం కష్టం. ముక్తినాథ్ యాత్రల కోసం మేము పనిచేసే నేపాల్ ఏజెంట్లు ఇప్పటికీ అడ్వాన్సు బ్యాంకు బదిలీ మీదనే అడుగుతారు, ఎందుకంటే అక్కడి వ్యాపారి పేపాల్‌లో డబ్బు తీసుకోలేడు. 2024 మార్చి నుంచి మన యూపీఐ అక్కడి ఫోన్‌పే (Fonepay అనే నేపాల్ సంస్థ, మన PhonePe కాదు) క్యూఆర్‌ల మీద పనిచేస్తోంది కాబట్టి యాత్రికుల చిల్లర ఖర్చు మాత్రం సులువైంది. కెన్యాలో 2007లో ఎంపెసా అనే ఫోను చెల్లింపుల సేవ వచ్చి, కార్డు లేని మనిషి కూడా మామూలు ఫోనులో డబ్బు పంపగలిగాడు. ఆ మెట్టు మన దేశంలో దాదాపు ఉచితంగా కట్టి ఉంది. నేపాల్ ఏజెంట్లతో పోలిస్తే మనకు వాడుకోకపోవడానికి సాకు తక్కువ.

నాన్నగారి అయిష్టం గురించి. "మొహం చూడకుండా డబ్బు తీసుకోవడం ఏమిటి" అని ఆయన అన్నారని రాశారు. ఆ మాటను తీసిపారేయకండి. యాత్రకు పంపే తల్లిని చూడకుండా బాధ్యత తీసుకోకూడదన్నది ఆయన ఉద్దేశం కావచ్చు. నేను ఆ పద్ధతిని ఆన్‌లైన్‌లోకే తెచ్చుకున్నాను: లింకు మీద అడ్వాన్సు వచ్చిన 24 గంటల్లో యాత్రికులతో, అంటే కట్టిన పిల్లలతో కాదు, వెళ్లబోయే పెద్దవాళ్లతో, మా ఆఫీసు నుంచి ఒకరు పది నిమిషాలు మాట్లాడతారు. నడవగలరా, ఏ మందులు వాడతారు, ఒంటరిగా వస్తున్నారా, అని అడుగుతారు. ప్రయాణం తట్టుకోలేరనిపిస్తే పూర్తి డబ్బు వెనక్కి ఇస్తాం. ఆ పది నిమిషాల మాట నాన్నగారికి అప్పగించండి. ఆయనకంటే బాగా ఎవరూ చేయలేరు, వ్యాపారం తన చేతిలోంచి జారిపోతోందన్న బాధ కూడా ఆయనకు ఉండదు.

ఇక ఖర్చు. డొమైన్, హోస్టింగ్ కలిపి ఏడాదికి కొన్ని వేలు. తెలుగులో రెండు మూడు పేజీలు చేసి, పేమెంట్ లింకు పెట్టడం మీ ఊళ్లోనే ఇంజినీరింగ్ చదివిన కుర్రవాడు నెలలోపు చేయగలడు. గూగుల్ మ్యాప్‌లో మీ ఆఫీసును మీ పేరిట నమోదు చేసుకోవడం, 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో యాత్రలను క్యాటలాగుగా పెట్టడం ఉచితం. యాప్ అస్సలు వద్దు. జీవితంలో ఒకటి రెండుసార్లు కాశీ వెళ్లే మనిషి దానికోసం యాప్ పెట్టుకోడు. ఎవరిచేత చేయించినా డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిలు మీద కొనాలి, గేట్‌వే ఖాతా మీ సంస్థ పేరిట ఉండాలి, యాత్రికుల వివరాలు ఎప్పుడడిగినా ఎక్సెల్ ఫైలుగా ఇవ్వాలి. ఈ మూడూ కాగితం మీద రాసి ఇవ్వనివారితో పని పెట్టుకోకండి. మా ప్రాంతంలో ఒక ఏజెన్సీ తమ సొంత పేరుతో ఉన్న డొమైన్‌ను వెబ్‌సైటు చేసిన మనిషి దగ్గర నుంచి తిరిగి కొనుక్కోవలసి వచ్చింది.

ముందుగా ఒక్క యాత్రతో మొదలుపెట్టండి. నలభై సీట్లలో పదింటిని మాత్రం లింకు మీద అమ్మడానికి కేటాయించి, మిగతావి మామూలుగా కౌంటరులో అమ్మండి. ఆ పది ఎన్ని రోజుల్లో, ఏ ఊళ్ల నుంచి, ఎవరి డబ్బుతో నిండాయో రాసి పెట్టుకుంటే రెండో యాత్రకు ఎన్ని కేటాయించాలో మీకే తెలుస్తుంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 పుష్కరాలప్పుడు ఇతర రాష్ట్రాల్లో, విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లు గదుల కోసం, కార్ల కోసం, పిండప్రదానం చేయించే పురోహితుల కోసం ఎవరిని అడగాలో తెలియక మా ఆఫీసుకు రాత్రింబవళ్లు ఫోన్లు చేశారు. మేం ముగ్గురం ఎత్తలేకపోయాం. ఈసారి వాళ్లు ముందు వెతికేది ఫోనులోనే. అప్పటికి మీ లింకు మీద కనీసం రెండు మూడు యాత్రలు నడిచి ఉండాలి. షరతుల పట్టిక తయారుచేసుకున్నాక ఇక్కడ పెట్టండి, లోటుపాట్లు ఉంటే చూసి చెబుతాను.